మెట్లు మాత్రం మీవే

రోలాండ్ ఫేర్‌లీ అనే పెద్దమనిషి నోరు మూసుకుని తన రెండు గాడిదల్నీ తాను మేపుకుంటూ కూర్చుని ఉంటే, బారీ ఓల్డ్‌రాయిడ్ ఇంటి ముంగిట్లో గాదె ఈ రోజుకీ నిలబడి ఉండేది. ఈ మాట బారీ అడిగినవాళ్లకు చెబుతాడు, అడగనివాళ్లకు ఇంకా ఎక్కువ చెబుతాడు. కానీ నోరు మూసుకోవడం రోలాండ్ జాతకంలో లేదు. ఇంగ్లండులో ముప్పై ఏళ్లు బడిపిల్లలకు భూగోళం చెప్పినవాడు. పాఠం వినడానికి ఎదురుగా పిల్లలు లేకపోయేసరికి, స్పెయిన్ ఉత్తరాన ఈ అస్తూరియస్ కొండల్లోకి వచ్చి, తన వెనక వచ్చిన ఇంగ్లీషువాళ్లనే బల్లల మీద కూర్చోబెట్టుకున్నాడు. ఫీజంటూ ఏమీ తీసుకోడు. భోజనం వేళకు వస్తాడు, అంతే. భోజనం అయ్యాక కూడా ఉంటాడు.

బ్రన్యవేల ఊరి చుట్టూ అలాంటి ఇంగ్లీషు కుటుంబాలు పదో పన్నెండో ఉన్నాయి. సొంత దేశంలో వాన భరించలేక ఇల్లమ్ముకుని, అంతకన్నా ఎక్కువ వాన కురిసే కొండను వెతికి మరీ కొనుక్కున్న తెలివి వాళ్లది. ఊళ్లోవాళ్లతో మాట్లాడరు, ఊళ్లోవాళ్ల గురించి మాట్లాడుకుంటారు. గురువారం గురువారం ఒకరింట్లో చేరి, పాలు పోసిన టీ తాగుతూ, ఈ దేశంలో సరైన పంది మాంసం దొరకదని ఏడుస్తారు. కిటికీ అవతల పందులు తిరుగుతూనే ఉంటాయి.

బారీకి ఆ మంద అంటే పడదు. బాట్లీ అనే మిల్లుల ఊళ్లో పదిహేనో ఏట బడి మానేసి, గోడలకు ప్లాస్టరింగు చేసి బతికిన మేస్త్రీ అతను. నిచ్చెన జారి నడుము దెబ్బతింటే నష్టపరిహారం చేతికొచ్చింది, తాపీ మాత్రం చేజారింది. ఆ డబ్బుతోనే బ్రన్యవేలలో ఒక రాతి ఇల్లు, ముంగిలి, వెనకాల ఏటవాలు పచ్చిక కొన్నాడు. అసలు కొన్నది ఇంటిని చూసి కాదు, ముంగిట్లో ఉన్న గాదెను చూసి.

నాలుగు రాతి స్తంభాల మీద మనిషెత్తున నిలబడిన చెక్క గది అది. ఒక్క ఇనుప మేకు లేదు, అంతా చెక్కలో చెక్క దిగ్గొట్టి కట్టినదే. ఎలుకలు ఎక్కకుండా ప్రతి స్తంభం నెత్తినా పళ్లెంలాంటి రాయి. మెట్లు కూడా గాదెను తాకవు. ఒక అంగ దూరంలో ఆగిపోతాయి, అదీ ఎలుకల కోసమే. మనుషులు ఆ అంగ వేసి లోపలికి పోవాలి. లోపల రెండు మంచాలు, ఒక స్నానాల గది, గోడకో అద్దం పెడితే, నగరాల్లో ఊపిరాడని జనం వచ్చి పడుకుని డబ్బిస్తారని బారీ లెక్క. నడుము పోయిన మేస్త్రీకి ఇంకో బతుకుతెరువు లేదు. గాదె నిలబడితే మొగుడూ పెళ్లామూ ఇక్కడ నిలబడతారు. లేకపోతే బాట్లీకి తిరిగిపోయి, ముసలి బావమరిది ఇంట్లో పైగదిలో పడుండాలి. ఆ బావమరిది బతికుండగా అక్కడికి పోనని బారీ ఒట్టు పెట్టుకుని వచ్చాడు.

ఇల్లు కొన్నవాడు పెరట్లో షెడ్డు ఎవరిదని బాట్లీలో ఎవడూ అడగడు. నేల నాదైతే నేల మీదున్నదీ నాదే. బారీకి ఆ అనుమానమే రాలేదు. రోలాండ్‌కైనా రావాల్సింది. ఇల్లు కొన్న రోజున తోడుగా వచ్చి, ముంగిట్లో నిలబడి, చేతికర్రతో గాలిలో ఒక గుండ్రం గీసి, "చూడు నాయనా బారీ, ఇదిగో, ఇక్కడ నీ కంటికి కనపడేదంతా నీదే" అన్నది ఆయనే.

బారీ ముందు వచ్చాడు. పెళ్లాం మోరీన్ పాత ఇల్లు ఖాళీ చేసి నెల తర్వాత రావాలి. ఆ నెలలో బారీ గాదె తలుపు తీసి చూస్తే, దూలాలకు జడల్లా అల్లిన మొక్కజొన్న పొత్తుల దండలు, ఓ మూల ఉప్పు పట్టించి వేలాడదీసిన పంది తొడ ఒకటి, దాని మీద బూడిదరంగు బూజు. పాతవాళ్లు వదిలేసిన చెత్త అనుకున్నాడు. మొక్కజొన్నంతా రోలాండ్ గాడిదలకు తోలాడు. బూజు పట్టిన తొడను ముక్కు మూసుకుని తీసుకెళ్లి, ఇంటి వెనకాల లోతుగా గుంట తవ్వి పాతిపెట్టాడు, నడుము నొప్పితో సహా. ఆ బూజు రావడానికే దాన్ని రెండు చలికాలాలు అక్కడ వేలాడదీశారని అతనికి ఎవరు చెప్పాలి?

మూడో రోజు పొద్దున్నే పక్కింటి ఓల్విదో వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నల్ల గౌను, చెక్క చెప్పులు, చంకలో బుట్ట. ముంగిట్లోంచి తిన్నగా నడిచి, మెట్లెక్కి, అంగ వేసి గాదెలోకి పోయింది. బారీ లోపలి బట్టల్లోనే కిటికీ దగ్గర నిలబడిపోయాడు. ఖాళీ బుట్టతో బయటికొచ్చి ఆవిడ ఏదో అడిగింది. దూలం వైపు చూపించింది, చేత్తో తొడంత ఆకారం గీసింది.

బారీకి వచ్చిన స్పానిషు మాట ఒక్కటే. పర్లేదు. ఆ మాటతో ఏ దేశంలోనైనా బతికేయొచ్చని విమానంలో పక్కసీటువాడు చెప్పాడు.

"పర్లేదు, పర్లేదు" అన్నాడు బారీ, నవ్వుతూ.

ఓల్విదో అతని మొహంలోకి కాసేపు చూసింది. బుట్ట మార్చుకుని వెళ్లిపోయింది.

ఇంగ్లీషువాడికి ఒక జబ్బుంది. ఎదురుగా మనిషి ఉంటే అడగాల్సింది అడగడు. నవ్వుతాడు. మనిషి వెళ్లాక తాళం కొంటాడు. బారీ మర్నాడే బజారుకెళ్లి, గుర్రపు లాయానికి వేసేంత తాళం తెచ్చి గాదెకు వేశాడు. ఓల్విదో మళ్లీ వచ్చింది, తాళం చూసింది, బారీని చూసింది.

"పర్లేదు" అన్నాడు బారీ.

ఆ మధ్యాహ్నం రోలాండ్ భోజనానికి వచ్చి విషయం విని, రొట్టె నములుతూ తీర్పు చెప్పాడు. "పాత అలవాట్లు నాయనా. వీళ్లకి సొంత ఆస్తి అనే భావన మనకున్నంత గట్టిగా ఉండదు. ఎక్కడ తలుపు కనపడితే అక్కడ దూరతారు. నువ్వేం బాధపడకు, మెల్లిగా నేర్చుకుంటారు."

"నేను మాట్లాడాలేమో అనుకున్నానండీ."

"వద్దు వద్దు. మాట్లాడితే అవమానం అనుకుంటారు. ఈ జాతి సంగతి నాకు వదిలెయ్. ఆ కూర ఇంకొంచెం ఉందా?"

మోరీన్ వచ్చాక ఇంట్లో పద్ధతి మారింది. ఆవిడ బట్టల మిల్లులో పనిచేసిన మనిషి, మాట్లాడకుండా ఒక గంట కూడా కూర్చోలేదు. గుడ్లకని ఓల్విదో ఇంటికి పోయి, వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుని, సైగలతో మొదలుపెట్టి ఏడాది తిరక్కుండా ఇల్లు గడిచేంత భాష పట్టేసింది. రోలాండ్‌కు అది నచ్చలేదు. "మోరీన్ మాట్లాడేది వంటింటి భాష" అన్నాడు. తనకు వచ్చేది పుస్తకాల భాష, దాన్ని ఈ ఊళ్లో ఎవరూ మాట్లాడరు.

"ఏమయ్యా, ఆ గాదె సంగతేదో ఉంది" అంది మోరీన్ ఒకరోజు. "ఓల్విదో ఆ మాట ఎత్తుతుంది, నా మొహం చూసి ఆపేస్తుంది. ఒకసారి వెళ్లి అడుగు."

"ఏమని అడగను?"

"ఎవరిదీ అని."

"నా ముంగిట్లో ఉన్నది ఎవరిదని నేను అడగాలా? బుద్ధుందా నీకు?"

"అయితే నేనడుగుతా."

"నువ్వు అడగొద్దు. రోలాండ్ గారు చెప్పారు, అడిగితే వాళ్లకి అవమానమట."

మోరీన్ చిక్కుడు గింజల గిన్నె బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది. ఆ తర్వాత గాదె గురించి మాట్లాడలేదు.

ఆ చలికాలమంతా బారీ గాదెలోనే గడిపాడు. నడుముకు బెల్టు బిగించుకుని గోడలకు తెల్ల పలకలు వేశాడు, నీళ్ల గొట్టాలు లాగాడు, మంచాలు ఎక్కించాడు, అద్దం పెట్టాడు. పనంటే పనే, మేస్త్రీ చేతి పని. తెల్లగా నున్నగా ఉంటే ఓల్విదో మేనల్లుడు సెల్సో ఒకరోజు దారిన పోతూ ఆగి, మెట్ల మీదినుంచి తొంగిచూసి, తల గీరుకున్నాడు. సెల్సో వడ్రంగి. అతని మొహంలో కనిపించింది మెచ్చుకోలు అని బారీ అనుకున్నాడు. జూన్‌లో రావడానికి హాలండ్ నుంచి ఒక జంట గది ఖాయం చేసుకుంది. బారీ ఆ రోజు పెళ్లాన్ని పట్టణానికి తీసుకెళ్లి వేయించిన చేప తినిపించాడు.

ఏప్రిల్లో మోరీన్ అక్కకు తుంటి ఆపరేషన్ అయింది. ఆవిడ మూడు వారాలకని ఇంగ్లండు వెళ్లింది. సరిగ్గా ఆవిడ వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారమే ఓల్విదో, సెల్సో, పై వీధి నుంచి మరో ఇద్దరూ ప్రార్థనకు వేసుకున్న బట్టల్లోనే బారీ గుమ్మంలోకి వచ్చారు. ఓల్విదో చేతిలో గుడ్ల బుట్ట, సెల్సో చంకలో రెండు సీసాల ఆపిల్ కల్లు. ఆదివారం కాబట్టి రోలాండ్ అక్కడే ఉన్నాడు, భోజనం బల్ల దగ్గర.

సెల్సో చాలాసేపు మాట్లాడాడు. మధ్య మధ్య ఓల్విదో అందుకుంది. ముంగిట్లోకి చూపించారు, చేతులతో పెంకులు దించారు, దూలాలు మోశారు. రోలాండ్ కళ్లు సగం మూసుకుని, తెలిసిన పాటను వింటున్నవాడిలా తల ఊపుతూ విన్నాడు. అందులో ఆయనకు పట్టుబడింది పావువంతు. మిగతా ముప్పావువంతు తన బుర్రలోంచి వేసుకున్నాడు.

"అద్భుతం బారీ, అద్భుతం" అన్నాడు చివరికి. "ఏం జరిగిందో తెలుసా? నిన్ను తమవాడిగా ఒప్పుకున్నారు."

"ఏమంటున్నారండీ?"

"వచ్చే శనివారం ఊరంతా వస్తుంది. గాదెను విప్పుతారు. పెంకు పెంకూ, దూలం దూలమూ. ఇది వీళ్ల పాత ఆచారం నాయనా. ఒకరింట్లో పెద్ద పని పడితే అందరూ వచ్చి చేస్తారు, కూలి తీసుకోరు. ఇంటాయన కడుపునిండా భోజనం పెడితే చాలు. కింది దూలాలు పుచ్చాయి కదా, చూసి ఉంటారు. విప్పి, బాగుచేసి, మళ్లీ ఎక్కిస్తారు. నువ్వు వేసిన మంచాలూ పలకలూ మాత్రం నువ్వు ముందు తీసేసుకోవాలట."

"దూలాలు పుచ్చాయా? నాకు కనపడలేదే."

"నీకెలా కనపడుతుంది? వాళ్లు తరతరాలుగా చూస్తున్నారు."

బారీకి ఒక ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మళ్లీ ఎప్పుడు ఎక్కిస్తారు? హాలండ్ వాళ్లు జూన్‌లో వస్తారు కదా? కానీ నలుగురూ ఆదివారం బట్టల్లో, చేతుల్లో బుట్టతో నిలబడి తనవైపు చూస్తున్నారు. ఊరు ఊరంతా ఊరికే పనిచేస్తానంటే, ఎన్నాళ్లలో అని అడగడం ఏం మర్యాద?  పుట్టి బుద్ధెరిగాక అతనికి ఎవడూ ఊరికే ఏమీ చెయ్యలేదు.

"పర్లేదు" అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

ఓల్విదో పెద్దగా ఊపిరి వదిలి, దగ్గరికొచ్చి అతని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది.

రాత్రి మోరీన్‌కు ఫోన్‌లో ఇదంతా చెప్పాడు.

"అడిగావా?"

"మళ్లీ మొదలెట్టావూ? ఊరంతా వచ్చి కూలి లేకుండా పనిచేస్తామంటే ఏమడగాలి?"

"ఎందుకూ అని అడగాలి. నాకోసం ఆగమను, నేనొచ్చి మాట్లాడతా."

"రోలాండ్ గారు ఉన్నారుగా."

"ఆయనకి గాడిదతో మాట్లాడ్డం కూడా రాదు" అని మోరీన్ ఫోన్ పెట్టేసింది.

శనివారం వాన లేదు. తెల్లారేసరికి ముంగిలంతా జనం. మగాళ్లు పైకెక్కారు, ఆడవాళ్లు పెంకులు అందుకుని వరసగా పేర్చారు. సెల్సో ప్రతి దూలం మీదా సుద్దతో ఒక గుర్తు పెట్టాడు. బారీ ముందు రోజే మంచాలు దించి, పలకలు ఊడదీసి, టార్పాలిన్ కప్పాడు. తాళం తనే తీశాడు. నిచ్చెన తనే తెచ్చాడు, కింద నిలబడి తనే పట్టుకున్నాడు, విరిగిన నడుముతో.

పదింటికి బారీ పెద్ద కుండెడు టీ పాలు పోసి కాచి పట్టుకొచ్చాడు. ఆ ఊళ్లో టీ కాచేది కడుపు నొప్పికి మందుగానే. ఓల్విదో కప్పులోకి చూసి, చుట్టూ చూసింది.

"ఎవరికర్రా కడుపులో బాలేదు?" అంది.

"సెల్సోకేనేమో, పొద్దుట్నుంచీ వంగుతున్నాడు" అన్నారెవరో పైనుంచి.

"నాకేం లేదత్తా, నీ ఇంగ్లీషాయనకే ఉన్నట్టుంది. ఆ మొహం చూడు. మందు ఆయన్నే తాగమను."

అందరూ నవ్వారు. బారీ కూడా నవ్వాడు. రోలాండ్‌ను అడిగితే, "నీ ఆతిథ్యానికి ముగ్ధులయ్యారు" అని అనువదించాడు.

మధ్యాహ్నానికి రోలాండ్ భార్య ఫిలిప్పా దోసకాయ ముక్కలు పెట్టిన రొట్టెలు పళ్లెం నిండా పంపింది. సెల్సో ఒక రొట్టె విప్పి లోపల చూశాడు, రెండోది విప్పి చూశాడు, పక్కవాడికి చూపించాడు. "పాపం, లోపల పెట్టేది మర్చిపోయినట్టున్నారు రా." ఇక లాభం లేదని ఆడవాళ్లు ఎవరింటికి వాళ్లు పోయి, తెల్ల చిక్కుడు గింజలూ పంది మాంసమూ ఉడికించిన గిన్నెలు మోసుకొచ్చారు. ఆపిల్ కల్లు మొదలైంది. ఉన్నది ఒకటే గ్లాసు. సెల్సో సీసా నెత్తిమీదికెత్తి సన్నటి ధారగా పోస్తే, గుక్కలో తాగి, అడుగున మిగిలింది నేల మీద చల్లి, గ్లాసు పక్కవాడికివ్వాలి. బారీ దాన్ని చేత్తో పట్టుకుని, బీరులా చప్పరిస్తూ, రోలాండ్ చెప్పే చరిత్ర వింటూ కూర్చున్నాడు. ఊరంతా నాలుకలు ఎండి అతని చేతికేసి చూస్తోంది.

"ఒరే, ఆయన గ్లాసు కూడా ఉంచేసుకుంటాడేమో" అన్నాడు సెల్సో.

"ఉంచుకోనీరా" అంది ఓల్విదో. "పాపం, ఇవాళ చాలా ఇస్తున్నాడు."

సాయంత్రానికి నాలుగు స్తంభాలూ, మెట్లూ మిగిలాయి. దూలాలను సెల్సో వాకిట్లోకి చేరవెయ్యడానికి బండి చాలకపోతే, బారీ తన కారుకు ట్రెయిలర్ తగిలించి నాలుగు విడతలు తనే తోలాడు. పుచ్చుకు మందు పూయడానికి తీసుకెళ్తున్నారని రోలాండ్ చెప్పాడు. ఆఖర్న రోలాండ్ ఒక రాయి ఎక్కి, ఇంగ్లీషు సమాజం తరఫున, రెండు జాతుల స్నేహం మీద ఉపన్యాసం ఇచ్చాడు. పుస్తకాల భాష కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు, కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు స్తంభాలు కూడా పోయాయి. రాళ్లకు కూడా పుచ్చు పడుతుందా అని బారీకి ఒక్క క్షణం అనిపించింది. ఎవరినీ అడగలేదు.

ఆ వారం ఎవరూ రాలేదు. పై వారం కూడా. బారీ రోజూ పొద్దున్నే ముంగిట్లో నిలబడేవాడు. ఆ ఖాళీలో మెట్లు ఒక్కటే ఉన్నాయి, గాలిలోకి ఎక్కి ఆగిపోయి. సెల్సో వాకిట్లోకి వెళ్లి చూద్దామంటే, తొందరపెట్టినట్టుంటుందని మొహమాటం.

మోరీన్ బస్సు దిగి, పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి, గుమ్మంలో దాన్ని వదిలేసి అడిగిన మొదటి మాట: "మన గాదె పైవీధిలో సెల్సో ఇంటి పక్కన ఎందుకుందయ్యా?"

"ఎక్కడ?"

"నిలబడి ఉంది. నాలుగు స్తంభాల మీద. పైకప్పు కూడా వేశారు. బస్సులోంచి చూశాను. ఓల్విదో మొక్కజొన్న లోపల పెడుతోంది."

బారీ ముంగిట్లోని కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత లేచాడు. ఇద్దరూ ఓల్విదో ఇంటికి వెళ్లారు. ఆవిడ అప్పుడే గాదె దగ్గర్నుంచి వచ్చి వంటింట్లో ఉంది. మోరీన్‌ను కౌగలించుకుంది, అక్క తుంటి సంగతి అడిగింది, కాఫీ పెట్టింది. బారీ కాఫీ ముట్టలేదు. మోరీన్ అడిగింది. ఓల్విదో చెప్పినదంతా మోరీన్ మాట మాటకీ ఇంగ్లీషు చేస్తూ వచ్చింది.

"ఆ గాదె మా మూడు ఇళ్లది తల్లీ. మా తాతల నాటిది. నేల మీది, గాదె మాది. మీరు కొన్న ఇంటివాళ్లకి అందులో ఎప్పుడూ వాటా లేదు. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు."

"మాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు బారీ.

"అడిగితే కదా నాయనా చెప్పేది. నువ్వు మా మొక్కజొన్న గాడిదలకి పెట్టావు. సరే, కొత్తవాడివి, తెలీదనుకున్నాం. నా తొడ ఏమైందిరా అంటే పర్లేదన్నావు. రెండు చలికాలాలు కాపు కాసిన తొడ నాయనా అది! నీకు పర్లేదు, నాకు పర్లేదా? తాళం ఏంటి అంటే పర్లేదన్నావు. లోపల మరుగుదొడ్డి కట్టావు. మా నాన్న మొక్కజొన్న దాచిన చోట మరుగుదొడ్డి! సెల్సో గొడవ పెడదామన్నాడు. నేనే వద్దన్నాను. మోరీన్ మంచిది, గొడవెందుకు, మన గాదె మనం తెచ్చేసుకుందాం అన్నాను. మర్యాదగా ఇంటికొచ్చి అడిగాం. శనివారం వచ్చి తీసుకుపోతాం, నీ మంచాలు తీసుకో అన్నాం. పర్లేదన్నావు. ఏడ్చావు కూడా. పోనీలే, మనసున్నవాడే అనుకుని ముద్దు పెట్టాను."

ఈ ఆఖరి మాట ఇంగ్లీషు చేసేటప్పుడు మోరీన్ బారీ వైపు చూడలేదు.

"నిచ్చెన నేనే పట్టుకున్నాను" అన్నాడు బారీ నెమ్మదిగా. "ట్రెయిలర్ నాది."

"అందుకే ఊరంతా నిన్ను మెచ్చుకుంటోంది" అంది ఓల్విదో. "సొంత చేత్తో సాయం చేసి పంపించాడు, పెద్దమనిషి అని. ఆ మెట్లు మాత్రం మీవే. అవి గాదెను తాకవు కదా, ఇంటికి చెందుతాయి. మీ మెట్లలో ఒక్క రాయి కూడా మేం ముట్టుకోలేదు."

బారీ తిన్నగా రోలాండ్ ఇంటికి పోయాడు. రోలాండ్ గాడిదల దగ్గరున్నాడు. విని, కాసేపు గడ్డం నిమురుకుని, కళ్లు మెరిపించాడు.

"ఎంత ఆసక్తికరమైన సంగతి! గాదెను ఇక్కడ కుర్చీ బల్లల్లాగా లెక్కేస్తారన్నమాట. నాకెప్పట్నుంచో ఆ అనుమానం ఉంది."

"అనుమానం ఉందా?"

"చూచాయగా."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదా నాయనా."

బారీ ఒక అడుగు ముందుకు వేశాడు. బాట్లీలో అయితే ఆ గడ్డం అక్కడే ఉండేది కాదు. కానీ ఎదురుగా ఫిలిప్పా నిలబడి, టీ తాగి వెళ్లమంటోంది. బారీ టీ తాగాడు. గడపదాటి బయటికొచ్చాక రోడ్డు మీద ఒక్కడే నిలబడి, అనాల్సినవన్నీ అన్నాడు. గాడిదలు విన్నాయి. ఆ పై గురువారం రోలాండ్ ఇంగ్లీషు మందకు ఈ కథంతా ఉపన్యాసంగా చెప్పాడని, చివర్లో "మన బారీ త్యాగం" అన్నాడని తెలిసింది. అప్పట్నుంచి రోలాండ్ భోజనానికి వస్తే మోరీన్ తలుపు తీయదు. ఆయన కొట్టి కొట్టి పోతాడు, వచ్చే ఆదివారం మళ్లీ వస్తాడు.

జూన్‌లో హాలండ్ జంట వచ్చింది. మెట్లెక్కి, అంచున నిలబడి, కిందికి చూసి, ఫొటో తీసుకుని, పట్టణంలో హోటలుకి పోయారు. మంచాలు టార్పాలిన్ కిందే తుప్పు పడుతున్నాయి. బాట్లీలో బావమరిది పైగదికి కొత్త రంగు వేయించాడట, మోరీన్ అక్క ఉత్తరంలో రాసింది. మోరీన్ ఆ ఉత్తరాన్ని బారీ కళ్లజోడు పక్కన పెట్టింది.

పోయింది గాదెతో పోయిందనుకుంటుండగా, ఒకరోజు పొద్దున్నే సెల్సో టేపు పట్టుకుని ముంగిట్లోకి వచ్చాడు. వెనకే ఓల్విదో, చేతిలో గునపం, చంకలో చిక్కుడు విత్తనాల బుట్ట. మోరీన్ వెళ్లి మాట్లాడి వచ్చింది.

"గాదె చూరు నీళ్లు ఎక్కడిదాకా పడతాయో, అక్కడిదాకా నేల గాదె వాళ్లదట. నేల మాదేనని నువ్వే అన్నావుగా అని నేనంటే, స్తంభాల కింది నేల ఎప్పుడూ వేరేనట, అది గాదెతో లెక్కట. ఊళ్లో అందరికీ తెలుసట. ఖాళీగా ఎందుకుంచాలని చిక్కుడు పెడతారట."

"నా ముంగిట్లోనా?"

"ముంగిట్లోనే. నడిమధ్యలో. అడగనా ఇంకేమైనా?"

"అక్కర్లేదు" అన్నాడు బారీ.

సెల్సో టేపు లాగాడు. రెండో కొస పట్టుకునేవాళ్లు లేక అది వెనక్కి చుట్టుకుపోయింది. మళ్లీ లాగాడు, మళ్లీ చుట్టుకుపోయింది. సెల్సో తలెత్తి బారీ వైపు చూశాడు. గుమ్మంలో నిలబడిన బారీ కాసేపు అటు చూశాడు, ఇటు చూశాడు. తర్వాత గుమ్మం దిగి వచ్చి, నడుము పట్టుకుని వంగి, టేపు కొస నేలకు ఆనించి పట్టుకున్నాడు.

"పర్లేదా?" అన్నాడు సెల్సో.

"పర్లేదు" అన్నాడు బారీ.

ఇటు ఆరు మీటర్లు. అటు ఆరు మీటర్లు. మొత్తం ముప్పై ఆరు చదరపు మీటర్లు.